దానిమ్మ చెట్టు కింద తండ్రులు

ప్రొద్దుటూరులో సాయంకాలం ఏ రోడ్డు పక్కనైనా కాసేపు నిలబడి చూడండి. తండ్రీకొడుకుల సంబంధం సగం మోటారు సైకిలు మీదే గడిచిపోతున్నట్టు అనిపిస్తుంది. మూడేళ్లవాడు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని, హ్యాండిలు పట్టుకుని, బండి తానే నడుపుతున్నాననుకుంటాడు. బడికి పోయే వయసుకు వెనక్కి మారతాడు. వాడికీ నాయన వీపుకీ మధ్య పుస్తకాల బ్యాగు వచ్చి కూర్చుంటుంది. మీసం మొలిచేసరికి వాడు ముందుకొస్తాడు. నాయన వెనక సీటుకు జరిగి, "మెల్లగా పోరా" అంటూ లేని బ్రేకును కాలితో తొక్కుతుంటాడు. ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకే దిక్కు చూస్తారు, ఒకరి మొహం ఒకరికి కనపడదు. మాట్లాడినా సగం మాట గాలికి పోతుంది. మొన్న ట్రాఫిక్‌లో నా పక్కన ఆగిన బండి మీద వెనకున్న పిల్లవాడు ఏదో అన్నాడు. "ఆఁ?" అన్నాడు తండ్రి, మెడ తిప్పకుండానే. "ఏంలేదులే నాయనా" అన్నాడు వాడు. దారి ఖాళీ అయింది, పోయారు. ఆ 'ఏంలేదులే' మాత్రం నాతో ఇంటిదాకా వచ్చింది. వాడు చెప్పబోయింది ఏమై ఉంటుంది? ఫీజు సంగతా, మార్కుల సంగతా, బడిలో ఎవరైనా కొట్టారా? లేక నిజంగానే ఏమీ లేదా? ఏమీ లేని మాటలు చెప్పుకోవడానికి కూడా ఒక చోటు కావాలి గదా. ఆ చోటు మనకెక్కడుంది?

ఇట్లాంటి ఆలోచనలున్నవాడికే ఇట్లాంటి పనులు వచ్చి తగులుకుంటాయి. మా సంఘం పురుషుల సహవాసంలో ఒక తమ్ముడు అమెరికాలోని ఏదో చర్చి వీడియో చూసి, మనం కూడా తండ్రీకొడుకులకు గండికోటలో శని ఆదివారాలు క్యాంపు పెడదామన్నాడు. టెంట్లు, తాళ్లు కట్టుకుని కొండ దిగడం, చలిమంట, వాక్యం. అందరూ సరేనన్నారు. "అన్నా, నువ్వు రాసే మనిషివి, ప్రోగ్రాం నువ్వే రాయి" అన్నారు. మా సంఘాల్లో మగవాళ్ల సంగతి తెలిసిందే. ఉపవాస ప్రార్థనలు ఆడవాళ్లవి, రోగులను చూసి రావడం ఆడవాళ్లది, సండే స్కూలు ఆడపిల్లలది. మేం షామియానా కట్టిస్తాం, కుర్చీలు వేయిస్తాం, కమిటీ ఎన్నికలు పట్టుదలగా జరుపుకుంటాం. ప్రసంగం సాగుతున్నంతసేపూ గేటు బయట బండ్ల మీద కూర్చుని, అయ్యగారు ఆశీర్వాదానికి చేతులెత్తే వేళకు లోపలికొచ్చే తండ్రులు తక్కువేం కాదు. అట్లాంటి వాళ్లను కొడుకులతో కలిపి కొండకు తీసుకుపోవడం మంచి పనే. కానీ తెల్లకాగితం మీద 'శనివారం ఉదయం 6 గంటలకు ప్రయాణం' అని రాశాక రెండో లైనుకు పెన్ను కదల్లేదు. తీసుకుపోయి ఏం చేయించాలి?

ఆ వీడియో నేనూ చూశాను. అందులో తండ్రులు కొడుకులకు విల్లు పట్టుకోవడం నేర్పుతారు, కట్టెలు నరకడం నేర్పుతారు, రాత్రి మంట దగ్గర 'ఇవాళ్టితో నువ్వు మగవాడివి' అని భుజం తడతారు. ఈ వరసకు వెనక పెద్ద చరిత్రే ఉంది. జాన్ ఎల్‌డ్రెడ్జ్ అనే ఆయన 2001లో 'వైల్డ్ ఎట్ హార్ట్' అని ఒక పుస్తకం రాశాడు. మగవాడి గుండె మూడింటిని కోరుకుంటుందట: పోరాడటానికి ఒక యుద్ధం, బతకడానికి ఒక సాహసం, కాపాడటానికి ఒక సౌందర్యవతి. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకం. చర్చి కుర్చీల్లో కూర్చుని మగవాళ్లు మెత్తబడిపోయారన్నది ఆయన బాధ. ఆ బాధ కూడా కొత్తదేం కాదు. విక్టోరియా కాలపు ఇంగ్లండులోనే భక్తికి కండబలం తోడుండాలని వాదించిన రచయితలున్నారు. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ దీవికి కొంతమంది కుర్రవాళ్లను తీసుకుపోయి గుడారాలు వేయించి స్కౌటింగ్‌కు నాంది పలికినప్పుడూ గాలి అటువైపే వీస్తోంది. అయినా, ఆ గాలి మనదాకా రాలేదని ఎట్లా అనగలం? మా నాయన పుట్టింది జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో. దాన్ని కట్టింది లండన్ మిషనరీ సొసైటీ. అదే సొసైటీ దక్షిణాన నెయ్యూరులో నడిపిన ఆసుపత్రిలో హోవర్డ్ సోమర్‌వెల్ అనే సర్జన్ ఉండేవాడు. 1922లో, 1924లో రెండుసార్లు ఎవరెస్టు ఎక్కబోయిన మనిషి. రెండోసారి 28,000 అడుగుల దగ్గర గొంతులోని పొర గడ్డకట్టి ఊడి అడ్డం పడి, ఊపిరాడక చావు అంచుదాకా పోయి, గుండె మీద రెండు చేతులతో బలంగా నొక్కుకుని దాన్ని కక్కి బతికాడు.

ఆయన కథలో నన్ను ఆపింది శిఖరం కాదు. మొదటి యాత్ర అయ్యాక ఆయన దేశం తిరుగుతూ నెయ్యూరు వచ్చాడు. అక్కడ ఆసుపత్రి ముందు రోగుల బారులు, చేసే చేతులు తక్కువ. లండనులో దొరికే పెద్ద కొలువు వదులుకుని అక్కడికే వచ్చేస్తానన్నాడు, వచ్చాడు, ఇంచుమించు పాతికేళ్లు ఉండిపోయాడు. కొండ ఆయనకు సెలవు, ఆసుపత్రి ఆయనకు బతుకు. మన క్యాంపుల్లో సాక్ష్యంగా చెప్పేది ఎప్పుడూ మొదటి సగమే. రోజూ పొద్దున్నే లేచి అవే పుండ్లు కడిగే రెండో సగాన్ని పిల్లలకు చూపించడానికి తాళ్లు, హెల్మెట్లు ఏం పనికొస్తాయి?

ఇంకో చిక్కుంది. 'పోరాడటానికి ఒక యుద్ధం' అన్న మాటను అమెరికాలోని కొలరాడో కొండల్లో చదవడం వేరు, జమ్మలమడుగులో చదవడం వేరు. మా దగ్గర కొడుక్కి తండ్రి నుంచి యుద్ధం వెతుక్కోకుండానే వచ్చేది. పొలం గట్టుతోనో, పంచాయతీ ఎన్నికతోనో, కల్లు దుకాణం పాటతోనో మొదలైన పగ ఆస్తితో పాటు పంపకానికి వచ్చేది. పొలాలమ్మి కేసులు నడిపిన ఇళ్లున్నాయి, మగదిక్కు లేక మేనమామల ఊళ్లకు చేరిన పిల్లలున్నారు. ఆ చేరినవాళ్లలో ఏసుప్రభువు పటం గోడకున్న ఇళ్లవాళ్లూ ఉన్నారు. 1999లో 'సమరసింహారెడ్డి' సినిమా వచ్చాక తెలుగు దేశమంతా మా వైపు చూసి ఈల వేసింది. సుమోలు గాల్లోకి లేచాయి. హైదరాబాదు హాస్టల్లో మా పిల్లలు 'మాది కడప' అంటే పక్కవాడు సగం భయంతో, సగం ముచ్చటతో చూసేవాడు. ఆ చూపు కొందరికి తలకెక్కింది కూడా. ఇప్పుడు ఆ గొడవలు చాలావరకు సద్దుమణిగాయి. కానీ ఇట్లాంటి నేల మీద కుర్రవాళ్లను నిలబెట్టి, చేతికి విల్లిచ్చి, 'యోధులు కండి' అని వాక్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పౌరుషం మాకు కరువైన సరుకు కాదు.

సరే, వాక్యానికి ఏ భాగం తీసుకోవాలో చూద్దామని బైబిలు తెరిచాను. తండ్రి, కొడుకు, కొండ. మొదట తట్టేది అబ్రాహాము, ఇస్సాకులే. మూడు రోజుల నడక. పనివాళ్లను, గాడిదను కింద వదిలి ఇద్దరే ఎక్కుతారు. కట్టెలు కొడుకు మోస్తాడు, నిప్పూ కత్తీ తండ్రి తన చేతిలో ఉంచుకుంటాడు. అంత దారిలో రాసి ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క జవాబు. అదీ తప్పించుకునే జవాబు. దిగేటప్పుడు అబ్రాహాము తిరిగి వచ్చాడని ఉందిగానీ, ఇస్సాకు పేరు అక్కడ లేదు. విశ్వాసానికి తండ్రి అనిపించుకున్నవాడి కథ ఇది, వంక పెట్టడం లేదు. కానీ చలిమంట చుట్టూ కూర్చున్న పన్నెండేళ్ల పిల్లవాడు ఇది విని ఆ రాత్రి టెంటులో నాయన పక్కన ఎట్లా నిద్రపోతాడు? యోసేపును చూద్దామంటే, సువార్తలు నాలుగూ తిరగేసినా ఆయన నోట ఒక్క మాట లేదు. పన్నెండేళ్ల కొడుకు తప్పిపోయి మూడో రోజు దేవాలయంలో దొరికితే, అడిగింది కూడా తల్లే. మా తండ్రులకు ఆయన బాగా నచ్చుతాడనుకుంటా.

చివరికి సమూయేలు మొదటి గ్రంథం 14వ అధ్యాయం దగ్గర ఆగాను. గండికోట చూసినవాళ్లకు ఆ అధ్యాయం కంటికి కట్టినట్టుంటుంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు పోయి, కోట వాకిలి దాటి, మాధవరాయ ఆలయ గోపురం, జుమ్మా మసీదు, ధాన్యాగారం దాటుకుని అంచుకు చేరితే నేల ఒక్కసారిగా అయిపోతుంది. ఎర్రమల కొండను నిలువునా కోసుకుని మూడు వందల అడుగుల లోతున పెన్న. రెండు పక్కలా ఎర్రరాయి పలకలు పలకలుగా పేర్చినట్టుంటుంది. కొన్ని బండలు ఇప్పుడో అప్పుడో పడేటట్టు ఒరిగి ఉంటాయి, పగుళ్లలోంచి ముళ్లచెట్లు గాలికి ఊగుతుంటాయి. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ మీర్ జుమ్లాను కలవడానికి వచ్చిన కోట ఇదే. అట్లాంటి రెండు కొండకొమ్ముల మధ్యనే యోనాతాను నిలబడ్డాడు. ఆయుధాలు మోసే కుర్రవాడొక్కడు తోడు. చేతులతో కాళ్లతో పాకుతూ శత్రువుల ఠాణా మీదికి ఎక్కాడు. బైబిల్లో ఇంతకంటే అచ్చమైన కొండ సాహసం నాకు తెలియదు. కానీ ఎక్కేముందు అతను ఆ సంగతి తండ్రికి చెప్పలేదని గ్రంథం ప్రత్యేకంగా రాసి పెట్టింది. తండ్రి సౌలు రాజు ఆ వేళకు ఎక్కడున్నాడు? ఆరు వందల మందిని పెట్టుకుని దానిమ్మ చెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

తరువాతి కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. కొడుకు గెలిచాక తండ్రి లేచి వచ్చి ఒక ఒట్టు పెట్టాడు: సాయంత్రం లోపల, తన పగ తీరేలోపల, ఎవడైనా ఏదైనా తింటే వాడు శాపగ్రస్తుడు. కొడుక్కి ఆ ఒట్టు సంగతి తెలియదు. అలసి, అడవిలో కారుతున్న తేనెపట్టులో కర్ర కొన ముంచి నాకాడు, కళ్లకు వెలుగొచ్చింది. ఆ సంగతి బయటపడ్డాక తండ్రి, నువ్వు చావాల్సిందేనన్నాడు. అడ్డం పడి కాపాడింది జనం. తండ్రి పెట్టిన ఒట్టు కొడుకు మెడకు చుట్టుకోవడం, ఊరు కలగజేసుకుంటే తప్ప ఆ ముడి విడిపోకపోవడం: మా వైపు ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం చెప్పడానికి అయ్యగారు అక్కర్లేదు, బస్టాండులో టీ తాగే ఏ ముసలాయనైనా చాలు. పగలు పోయినా ఒట్లు పోలేదు. 'నా కొడుకు డాక్టరు కాకపోతే నా పేరు మార్చుకుంటా' అని బంధువుల ముందు పెట్టుకునే ఒట్టు కూడా ఒట్టే. తేనె నాకినట్టు వాడు ఒక పూట క్రికెట్ ఆడితే ఇంట్లో జరిగే విచారణ మనకు తెలియనిదా?

మా నాయన నన్ను ఏ కొండకూ తీసుకుపోలేదు. పులివెందుల పక్కన మాకు చీనీ తోట ఉండేది. మోటార్లకు కరెంటు వంతుల వారీగా వచ్చేది, మా వంతు చాలాసార్లు నడిరాత్రి పడేది. నాయన నన్ను లేపి, టార్చి నా చేతికిచ్చి తీసుకుపోయేవాడు. ముందు నేల మీద వెలుగు వేసి పాము లేదని చూసుకుని అడుగు వేయాలి. బోరు దగ్గర రేకు డబ్బాలో స్టార్టరు. దాని తలుపు తుప్పుపట్టి కిర్రుమనేది, లోపల ఎప్పుడూ ఒక బల్లి ఉండేది. తడి నేల. నాయన ఎండు పలక ఒకటి వేసుకుని, చెప్పులు విడవకుండా దాని మీద నిలబడి, లుంగీ పైకి కట్టుకుని, వేలు పెట్టకుండా కట్టెపుల్లతో పచ్చ బటన్ నొక్కేవాడు. నొక్కేముందు నా చేతికి చింతకట్టె ఒకటిచ్చి దూరంగా నిలబెట్టేవాడు. "నాకేమన్నా అయితే నన్ను ముట్టుకోవాకు. ఆ కట్టెతో నా చేయి మీద గట్టిగా కొట్టు. తర్వాత పరిగెత్తి మీ చిన్నాయనను పిలుచుకురా" అనేవాడు. తర్వాత కళ్లు మూసుకుని పెదవులు కదిపేవాడు. గుడిలో ఆయన ప్రార్థన చేయగా నేను చూసింది తక్కువ. ఇక్కడ మాత్రం ప్రతిసారీ చూశాను. టార్చి వెలుగులో ఆయన చేయి వణకడం కూడా చూశాను. మోటారు గుయ్యిమని పట్టుకుని పైపులో నీళ్లు దబదబ పడ్డాక ఇద్దరం పాదులు కట్టుకుంటూ తెల్లవారేదాకా ఏవేవో మాట్లాడుకునేవాళ్లం, ఏ చెట్టు కాయలేదు, ఏ మామ అప్పు తీర్చలేదు, రష్యాలో చలి ఎంత ఉంటుంది. ఊళ్లో గట్టిగా మాట్లాడే మనిషి అని పేరున్న మా నాయనకు భయం ఉందని నాకొక్కడికే తెలుసు. ఆ తెలియడం వల్ల ఆయన నా కళ్లలో చిన్నవాడు కాలేదు. ఆ కట్టె నా చేతిలో పెట్టినప్పుడు నేనే కొంచెం పెద్దవాణ్ణయ్యాను.

అది సాహసమని అప్పుడెవరూ అనలేదు, అది పని. ఆ పని ఇప్పుడు మా పిల్లలకు లేదు, రావాలని నేను కోరుకోను కూడా. రాత్రి కరెంటుకు పోయి ఇంటికి తిరిగి రాని రైతుల కథలు చాలానే విన్నాను. కానీ ఆ పనితో పాటు వచ్చిన ఆ రాత్రులకు బదులుగా మనం ఏం పెట్టాం? ఆరో తరగతికే హాస్టలు, నెలకో ఔటింగు. ఆ రోజు తల్లిదండ్రులు క్యారియరు తీసుకుని పోతే, గేటు బయట చెట్టు కింద చాప పరచుకుని తినిపించి, మార్కుల కాగితం చూసి రావడమే. ఇంకొన్ని ఇళ్లలో నాయన కువైట్‌లో ఉంటాడు. డ్రైవరుగా, వంటమనిషిగా వెళ్లినవాళ్లు జిల్లాలో ఏ ఊళ్లో లేరు గనుక? కొడుకు గొంతు మారడం ఆయన ఫోనులో వింటాడు, మీసం మొలిచిందని తెర మీద చూస్తాడు, చేయి పట్టుకుని చూడటం మాత్రం రెండేళ్లకోసారి. ఇడుపులపాయ మీదుగా పోయినప్పుడు నాకు ఇంకో ఆలోచన వస్తుంది. రాజకీయం పక్కన పెట్టి చూడండి. పులివెందులకు చెందిన ఒకే క్రైస్తవ కుటుంబంలో తండ్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి, కొడుకు జగన్మోహన్‌రెడ్డి 2017లో తండ్రి సమాధి ఉన్న ఇడుపులపాయ నుంచి బయలుదేరి, ఇద్దరూ ఇచ్ఛాపురం దాకా నడిచారు. రాష్ట్రమంతా చూసిన రెండు నడకలు, మధ్యలో పద్నాలుగేళ్లు. మన ఇళ్లలో జరిగేదీ అంతే, చిన్న కొలతలో. తండ్రి నడిచిన దారినే కొడుకు నడుస్తాడు, కాకపోతే తండ్రి పోయాక. ఇద్దరూ ఒకే పూట, ఒకే దారిన, పక్కపక్కన నడవడానికి కుదరదా?

అందుకే ప్రోగ్రాం మళ్లీ రాశాను. జనవరిలో పెట్టాం. డిసెంబరు క్యారల్స్‌కే సరిపోతుంది, మేలో ఆ బండల మీద నిలబడితే అరికాళ్లు కాలతాయి. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. మిద్దె కడితే పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడినవాడి రక్తం ఇంటివాడి మీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండంలో ఉంది గనుక, మొదటి నియమం అదే: చీకటి పడ్డాక అంచు వైపు ఎవరూ పోకూడదు, తండ్రులు మరీ ముఖ్యంగా. సెల్ఫీలకు వెనక్కి జరిగేది వాళ్లే. తాడు దిగడం శిక్షణ ఉన్నవాళ్ల చేతుల మీదే జరగాలి. రాత్రికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, వండేది తండ్రులు, అడుగంటితే తినేది అందరూ. కువైట్ పిల్లలకు, నాయన లేని పిల్లలకు మేనమామో, పెదనాయనో, వీధిలో బండి బాగుచేసే అన్నో, ఎవరో ఒకరు రావాలి. ఎవరూ దొరక్కపోతే అయ్యగారు ఒక పిల్లవాడికి తోడుగా రావాలి, వాక్యం చెప్పడానికి కాదు. ఆదివారం చిన్న ఆరాధన అయ్యాక బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, వందేళ్ల తర్వాత జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపలంతా కొలిచారు, పొడవు 3,229 మీటర్లు. నాకు కావలసింది ఆ అంకె కాదు. లోపల ఉక్కకు పెద్దవాళ్లకు ఆయాసం వస్తుంది, ఇరుకు చోట్ల నడుము వంగదు. పిల్లలు ముందు దూరి, వెనక్కి తిరిగి, "నాయనా, తల జాగ్రత్త, ఈడ రాయి ఉండాది" అని చెప్పాలి. దారి తెలిసినవాడు కొడుకు కావడం, తండ్రి వాణ్ణి నమ్మి వంగడం.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలసేపు ఏమీ రాయలేదు. కమిటీలో పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఈడ ఖాళీ ఉండాదే, ఏం పెడదాం?" అన్నాడు. "ఖాళీనే పెట్టినాం సార్" అన్నాను. "ఫోన్లు చూసుకుంటా కూర్చుంటారు కద." "ఆడ సిగ్నలు సరిగా అందదు సార్. గంటకు విసుగొస్తాది. విసుగొచ్చినాక ఎవరో ఒకరు నోరు తెరుస్తారు." ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన కొడుకు బెంగళూరులో ఉంటాడని, ముప్పై ఐదేళ్లవాడని, వాణ్ణి కూడా పిలవొచ్చునా అని అడిగాడు. అడిగేటప్పుడు గొంతు సర్దుకున్నాడు. ఈ క్యాంపు ఎంతమందికి కావాలో అప్పుడు తెలిసింది.

ఇది ఫలిస్తుందా? రెండు రోజుల్లో ఎవరి బతుకూ మారదు. సోమవారం పొద్దున మళ్లీ హాస్టలు గేటు, దుకాణం షట్టరు. చలిమంట దగ్గర ఒక్కో తండ్రి తనకు దేనికి భయమో కొడుకు ముందు చెప్పాలని రాశానుగానీ, సగంమంది 'మాకేం భయం' అని నవ్వేసి కూర్చోవచ్చు. కూర్చోనీ. ఒక్కరు చెప్పినా ఆ ఒక్క కొడుకు వింటాడు. పిల్లలకు కొండ ఎక్కడం నేర్పాల్సిన పని లేదు, చెప్పకుండానే ఎక్కుతారు, యోనాతాను లాగే. దానిమ్మ చెట్టు కింద నుంచి లేవాల్సింది మేమే. అందుకని అంగీకార పత్రం కూడా తిరగేసి రాశాను. మామూలుగా పిల్లవాణ్ణి పంపడానికి తండ్రి సంతకం పెడతాడు. మా పత్రంలో సంతకం కొడుకుది: 'మా నాయనను నాతో పాటు గండికోటకు తీసుకురావడానికి నాకు అభ్యంతరం లేదు. ఆయన భద్రతకు నేను బాధ్యుణ్ణి.' మా వాడికి మొదటి కాపీ ఇచ్చాను. రెండుసార్లు చదివి, "ఆలోచించుకుని చెప్తా" అన్నాడు. ఇంకా సంతకం పెట్టలేదు.